పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ముర్రుపాలలోని లాక్టోఫెర్రిన్ బాక్టీరియాను ఎలా చంపుతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి ఇటీవల బెంగళూరులోనే కాన్పు అయింది. ఊరినుంచి వచ్చిన మా వియ్యపురాలు, పసుపుపచ్చగా చిక్కగా వచ్చే తొలిపాలు బిడ్డకు అరగవని, పిండి పారబోయాలని పట్టుబట్టారు. పిల్లల డాక్టరుగారు మాత్రం ఒక్క చుక్క కూడా పారబోయవద్దని, అందులో లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీను ఉంటుందని, అది ఇనుమును పట్టుకొని బాక్టీరియాను చంపుతుందని చెప్పారు. ఇనుమును పట్టుకుంటే బాక్టీరియా ఎందుకు చావాలో నాకు అర్థం కాలేదు. దయచేసి వివరంగా రాయండి.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, డాక్టరుగారి సలహా నూటికి నూరుపాళ్లు సరైనది. ముర్రుపాలు పారబోయవద్దు, పుట్టిన గంటలోపే బిడ్డకు పట్టడం మొదలుపెట్టాలి. మీ సందేహం కూడా అంతే సరైనది. ఇనుము దొరకని బాక్టీరియా పెరగడం మానేస్తుంది, అంతవరకే. పెరగకుండా ఆగిపోవడం వేరు, చావడం వేరు. లాక్టోఫెర్రిన్ ఈ రెండు పనులూ చేస్తుంది గాని, రెండింటినీ ఒకే పద్ధతిలో చేయదు, తన అణువులోని ఒకే భాగంతోనూ చేయదు. ‘ఇనుమును పట్టుకొని చంపుతుంది’ అని ఒక్క ముక్కలో చెప్పినప్పుడు ఈ తేడా మరుగున పడిపోతుంది. అందుకే కొంచెం విడమరచి రాస్తున్నాను.

లాక్టోఫెర్రిన్ పాలలోనే కాదు, కన్నీటిలో, లాలాజలంలో, ముక్కులోని చీమిడిలో, శ్వాసనాళాల తడిలో, పైత్యరసంలో కూడా ఉంటుంది. అంటే బయటి ప్రపంచానికి ఎదురుగా ఉండే తడి పొరలన్నింటి మీదా ఉంటుందన్నమాట. తెల్ల రక్తకణాలలో న్యూట్రోఫిల్ అనే రకం కణాలు దీనిని సన్నని రేణువులలో దాచి ఉంచుకొని, ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి చేరగానే వదులుతాయి. పాలలో ఎర్రని ప్రోటీను ఒకటి ఉన్నదని 1939లోనే గుర్తించారు. దానిని శుద్ధిచేసి వేరుపరచడం 1960లో సాధ్యమైంది. అది పాలకే పరిమితం కాదని, శరీర స్రావాలు అనేకంలో ఉన్నదని బెల్జియంలో మాసన్, హెరెమన్స్ బృందం 1966లో చూపింది.

ముందుగా ఇనుము సంగతి చూద్దాం. శ్వాసక్రియకు తోడ్పడే ఎంజైములకు, డీఎన్ఏ కట్టుకోవడానికి కావలసిన ఎంజైములకు ఇనుము లేనిదే గడవదు కనుక, మనకు రోగం తెచ్చే బాక్టీరియాలో దాదాపు అన్నింటికీ ఇనుము కావాలి. మన శరీరంలో ఇనుము గ్రాముల లెక్కన ఉన్నా, అందులో అత్యధిక భాగం హిమోగ్లోబిన్‌లోనో, కాలేయపు నిల్వలలోనో బందీగా ఉంటుంది. రక్తంలో తిరిగే కొద్దిపాటి ఇనుమును ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీను మోస్తుంది. ఆ ట్రాన్స్‌ఫెర్రిన్ కుటుంబానికి చెందినదే లాక్టోఫెర్రిన్. సుమారు 690 అమైనో ఆమ్లాల గొలుసు మడతలు పడి రెండు తమ్మెలుగా, అంటే రెండు ఉబ్బెత్తు భాగాలుగా ఏర్పడుతుంది. ఒక్కొక్క తమ్మెలో ఒక్కొక్క ఇనుప అయానుకు చోటు ఉంటుంది. ఇనుము వచ్చి కూర్చున్నప్పుడు ఆ తమ్మె దోసిలి ముడుచుకున్నట్లు మూసుకుంటుంది. రెండు టైరోసిన్‌లు, ఒక ఆస్పార్టిక్ ఆమ్లం, ఒక హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు కలిసి ఇనుమును పట్టుకుంటాయి. వాటితో పాటు ఒక కార్బొనేట్ అయాను కూడా అక్కడ కూర్చోవాలి, అది లేకపోతే పట్టు నిలవదు. ఈ నిర్మాణాన్ని న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ బేకర్ బృందం ఎక్స్-కిరణాల సాయంతో 1987లో వెల్లడించింది. ఇనుము లేని అణువులో ఒక తమ్మె తెరుచుకొని ఉంటుందని 1990లో చూపింది కూడా వారే.

ఈ పట్టు ప్రయోగశాలలో కంటికే కనబడుతుంది. ఇనుము తీసేసిన లాక్టోఫెర్రిన్‌ను బైకార్బొనేట్ కలిపిన నీటిలో కరిగిస్తే ద్రావణం రంగులేకుండా ఉంటుంది. దానిలోకి ఇనుప లవణాన్ని కొద్దికొద్దిగా వదిలితే లేత గులాబిరంగు మొదలై, క్రమంగా చిక్కబడి, రెండు చోట్లూ నిండేసరికి ఇటుకరంగుకు దగ్గరగా వచ్చి ఆగిపోతుంది. ఆ తరువాత ఎంత ఇనుము పోసినా ఈ ప్రోటీను రంగు ఇక పెరగదు. ముర్రుపాల పసుపుకు మాత్రం కారణం ఇది కాదు, అది కెరోటిన్ జాతి వర్ణద్రవ్యాల రంగు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. ఒక గ్రాము లాక్టోఫెర్రిన్ నిండుగా పట్టుకోగల ఇనుము సుమారు 1.4 మిల్లీగ్రాములు. ముర్రుపాలలో లీటరుకు 5 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాక్టోఫెర్రిన్ ఉంటుంది. అంటే లీటరు ముర్రుపాలకు 7 మిల్లీగ్రాముల ఇనుమును బంధించే శక్తి ఉన్నది, కాని ఆ పాలలో ఉండే ఇనుము 1 మిల్లీగ్రాముకు మించదు. ఆ కొంచెంలోనూ కొంతే లాక్టోఫెర్రిన్ దగ్గర ఉంటుంది. కాబట్టి బిడ్డ కడుపులోకి వెళ్లే లాక్టోఫెర్రిన్‌లో అధికభాగం ఖాళీగా, ఎక్కడ ఇనుము కనబడితే అక్కడ పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంకొక విశేషం కూడా ఉంది. వాపు వచ్చిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. అటువంటి చోట ట్రాన్స్‌ఫెర్రిన్ తన ఇనుమును జారవిడుస్తుంది, లాక్టోఫెర్రిన్ మాత్రం విడవదు. రోగం తీవ్రంగా ఉన్న చోటనే దీని పట్టు పనికివస్తుంది.

ఇంగ్లండులో బులెన్, ఆయన సహచరులు 1972లో ప్రచురించిన ప్రయోగాలు ఈ భాగాన్ని స్పష్టం చేశాయి. తల్లిపాలలో బైకార్బొనేట్ కలిపి, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే ఇ.కోలై బాక్టీరియాను వేస్తే అది పెరగలేదు. అదే పాలలో ఉన్న లాక్టోఫెర్రిన్ పూర్తిగా నిండేటంత ఇనుము చేర్చగానే మళ్లీ పెరగసాగింది. అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నది. ఇనుము ఇస్తే తిరిగి పెరిగిందంటే, ఆ బాక్టీరియా చావలేదు, ఆకలితో ఆగి ఉన్నదంతే.

మరి చంపడం ఎక్కడ జరుగుతుంది? 1977లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్, కోల్, మెక్‌గీ అనే శాస్త్రవేత్తలు దీనిని ముందుకు తెచ్చారు. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను, కలరా కలిగించే విబ్రియోను ఇనుము లేని మానవ లాక్టోఫెర్రిన్‌తో కొంతసేపు కలిపి ఉంచి, తరువాత పోషకాలు సమృద్ధిగా ఉన్న పళ్లెం మీద పరిచారు. కేవలం ఆకలితో ఆగి ఉంటే అక్కడ లేచి పెరగాలి, కాని కాలనీలు (బాక్టీరియా పెరిగి ఏర్పడే చుక్కలు) బాగా తగ్గిపోయాయి. అవి చచ్చిపోయాయన్నమాట. ఇనుముతో ముందే నింపిన లాక్టోఫెర్రిన్‌కు ఆ శక్తి లేకపోయింది. అదే ప్రయోగంలో ఇ.కోలై చావలేదన్న సంగతిని వారు దాచలేదు, అది కూడా గమనించదగినదే. ఇనుము లేమితో ఆగిపోవడానికి, ఈ చావుకు తేడా ఉన్నదని 1982లో ఆర్నాల్డ్ బృందమే ప్రత్యేకంగా నిరూపించింది.

ఆ తరువాతి పరిశోధనలు అణువులోని మరొక కొసను చూపించాయి. మానవ లాక్టోఫెర్రిన్ గొలుసు మొదట్లోనే, మొదటి అమైనో ఆమ్లం తరువాత, అర్జినిన్‌లు నాలుగు వరుసగా ఉంటాయి. అర్జినిన్‌కు ధనావేశం ఉంటుంది. నాలుగు ఒకేచోట చేరి, పక్కన మరికొన్ని కూడా ఉండడంతో ఆ కొస బలమైన ధనావేశంతో ఉంటుంది. ఇ.కోలై, సాల్మొనెల్లా వంటి గ్రామ్-నెగెటివ్ బాక్టీరియాల (కణకవచం మీద అదనంగా మరో పొర ఉండే రకం) బయటి పొర లైపోపాలీశాకరైడ్ అనే పదార్థంతో నిండి ఉంటుంది. దానిలోని ఫాస్ఫేటులు రుణావేశం గలవి. పక్కపక్కనున్న ఆ ఫాస్ఫేటులు ఒకదానినొకటి నెట్టివేసుకోకుండా కాల్షియం, మెగ్నీషియం అయానులు మధ్యలో నిలిచి పొరను కలిపి ఉంచుతాయి. లాక్టోఫెర్రిన్ వెళ్లి ఆ పొరకు అంటుకున్నప్పుడు ఈ కట్టు సడలి, లైపోపాలీశాకరైడ్ ముక్కలుగా ఊడి బయటికి వస్తుంది. 1988లో ఎలిసన్ బృందం ఇలా ఊడి వచ్చిన పదార్థాన్ని కొలిచి చూపింది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ద్రావణంలో ఈ ప్రభావం తగ్గుతుంది, ఎందుకంటే అవి పొర కట్టును నిలబెడతాయి.

పొర దెబ్బతిన్నంత మాత్రాన ప్రతి బాక్టీరియా చావదు. ఇక్కడ కన్నీటిలో, పాలలో, లాలాజలంలో లాక్టోఫెర్రిన్ పక్కనే ఉండే లైసోజైము రంగంలోకి దిగుతుంది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వర్ణించిన ఈ ఎంజైము బాక్టీరియా కణకవచాన్ని కోస్తుంది, కాని గ్రామ్-నెగెటివ్ బాక్టీరియాల బయటి పొరను దాటి లోపలి కవచం దాకా ఒంటరిగా చేరలేదు. లాక్టోఫెర్రిన్ పొరను సడలిస్తే లైసోజైము లోపలికి వెళ్లి కవచాన్ని తెంచుతుంది, కణం ఉబ్బి పగులుతుంది. విడివిడిగా చంపలేని మోతాదులలో కూడా రెండూ కలిసి చంపగలవని 1991లో ఎలిసన్, గీల్ చూపారు. నా దృష్టిలో ఈ ప్రోటీను గురించి తెలుసుకోవలసిన విషయాలలో ఇదే ప్రధానమైనది. ప్రయోగశాలలో ఒంటరిగా పరీక్షించినప్పుడు కొంత బలహీనంగా కనిపించే లాక్టోఫెర్రిన్, శరీరంలో ఎన్నడూ ఒంటరిగా ఉండదు.

కడుపులో జరిగేది మరొక రకం. పెప్సిన్ అనే జీర్ణరసపు ఎంజైము లాక్టోఫెర్రిన్‌ను కోసినప్పుడు, ధనావేశం గల ఆ కొస ఒక చిన్న ముక్కగా విడిపోతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1992లో దీనిని వేరుపరచి లాక్టోఫెర్రిసిన్ అని పేరు పెట్టారు. ఆవుపాలనుంచి వచ్చే ముక్కలో 25 అమైనో ఆమ్లాలే ఉంటాయి, ఇనుమును పట్టుకునే చోటు అందులో లేనే లేదు. అయినా అది బాక్టీరియాను మొత్తం ప్రోటీను కంటే బలంగా చంపుతుంది. ఇనుముతో నిమిత్తం లేకుండా చంపే శక్తి ఆ కొసకు ఉన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పెరగనీయకుండా ఆపడం, చంపడం కాక మూడో పని కూడా ఉన్నది. 2002లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో సూడోమోనాస్ అనే బాక్టీరియాపై పనిచేసినవారు, చంపడానికి గాని ఎదుగుదల ఆపడానికి గాని చాలనంత తక్కువ లాక్టోఫెర్రిన్ ఉన్నప్పుడు కూడా ఆ బాక్టీరియా ఒకచోట స్థిరపడి జిగురు పొర కట్టుకోలేక ఉపరితలం మీద తిరుగుతూనే ఉన్నదని గమనించారు. జిగురు పొర కట్టిన బాక్టీరియాకు మందులు అంత సులభంగా పనిచేయవు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మీ ఇంటి పసిబిడ్డ విషయానికి వస్తే, ముర్రుపాలు చెంచాల కొద్దీ మాత్రమే వస్తాయని దిగులుపడవద్దు. పసికందు కడుపులో ఆమ్లం, పెప్సిన్ తక్కువగా ఉండడం వల్ల లాక్టోఫెర్రిన్‌లో కొంతభాగం చెక్కుచెదరకుండా పేగులదాకా వెళుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే శిశువుల మలంలో కూడా దానిని కనుగొన్నారు. బిడ్డ పేగులలో ఉండవలసిన బైఫిడో, లాక్టోబాసిల్లస్ జాతి మంచి బాక్టీరియాలకు ఇనుము అవసరం చాలా తక్కువ. కనుక ఇనుము కరవు వాటిని బాధించదు, హానికరమైన వాటినే బాధిస్తుంది. మీ వియ్యపురాలిగారికి ఈ మాట నెమ్మదిగా, గౌరవంగా చెప్పండి. ఆవిడ కూడా బిడ్డ మేలుకోరే ఆ మాట అని ఉంటారు.

ప్రశ్న: కన్నీటిలోనూ తల్లిపాలలోనూ ఇటువంటి ప్రోటీను ఉన్నదని చదివాను. మా ఇంట్లో పసిపిల్లల కళ్లు పుసికట్టినప్పుడు తల్లిపాలు రెండు చుక్కలు పిండడం అలవాటు. అది మంచిదేనని దీనివల్ల అనుకోవచ్చా?
– ఒక నాయనమ్మ, యలహంక, బెంగళూరు

జవాబు: అమ్మా, అలా అనుకోవద్దు. కన్నీటిలో లీటరుకు సుమారు 2 గ్రాముల లాక్టోఫెర్రిన్ ఉంటుంది, తరువాతి నెలల తల్లిపాలలో ఉండేది ఇంచుమించు అంతే. అంటే కంటికి లేనిదేదీ పాలు కొత్తగా ఇవ్వవు. పైగా పాలలో చక్కెర ఉంటుంది, చర్మం మీది సూక్ష్మజీవులు కూడా చేరుతాయి.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉన్నది. లాక్టోఫెర్రిన్‌కు లొంగని బాక్టీరియాలు కొన్ని ఉన్నాయి. పుట్టిన కొద్ది రోజులలో శిశువు కంటికి అత్యంత ప్రమాదకరమైన గోనోకాకస్‌నే తీసుకోండి. ఈ జాతిలో చాలా రకాలకు లాక్టోఫెర్రిన్‌ను పట్టుకొని దానిలోని ఇనుమును లాగేసుకునే గ్రాహకాలు ఉంటాయి. మనం బంధించామనుకున్న ఇనుమే వాటికి ఆహారమవుతుంది. ఇ.కోలై వంటివి సైడరోఫోర్లు అనే చిన్న అణువులను బయటికి వదిలి, ఇనుమును ఎక్కడున్నా వెదికి తెచ్చుకుంటాయి. వాటిలో ఎంటరోబాక్టిన్ అనే దాని పట్టు లాక్టోఫెర్రిన్ పట్టును మించినది. మన తెల్ల రక్తకణాలు దానికీ విరుగుడుగా సైడరోకాలిన్ అనే వేరొక ప్రోటీనును వదిలి ఆ ఎంటరోబాక్టిన్‌ను పట్టేస్తాయి. న్యుమోనియా కలిగించే న్యూమోకాకస్ ఎత్తు ఇంకా విచిత్రమైనది. తన ఉపరితలం మీద ఉన్న ఒక ప్రోటీనుతో అది లాక్టోఫెర్రిన్‌లోని ధనావేశపు కొసనే అంటుకొని కప్పేస్తుంది. ఇనుము పట్టుకునే చోటును వదిలి, చంపే కొసనే ఎంచుకొని కప్పుతున్నదంటే, ఆ కొస దానికి ఎంత ప్రాణాంతకమో తెలుస్తుంది.

కాబట్టి పసికందు కన్ను ఎర్రబడి, రెప్పలు ఉబ్బి, చీము కారుతుంటే ఇంటి వైద్యంతో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. కొన్ని ఇన్ఫెక్షన్లు అతి తక్కువ వ్యవధిలోనే కంటిపాపను దెబ్బతీస్తాయి. శుభ్రమైన, కాచి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో లోపలి మూలనుంచి బయటికి తుడిచి, వెంటనే డాక్టరుకు చూపించండి. కాటుక కూడా పెట్టవద్దు.

ప్రశ్న: ఇనుము దొరికితే బాక్టీరియా పెరుగుతుందంటే, మా ఏడు నెలల బాబుకు ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ ప్రమాదం కాదా?
– ఒక తండ్రి, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: కాదండీ, సిరప్ మానవద్దు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుప నిల్వలు ఆరో నెలకల్లా తరిగిపోతాయి, తల్లిపాలలో ఉండే కొద్దిపాటి ఇనుము పెరుగుతున్న బిడ్డకు చాలదు. మెదడు వేగంగా ఎదిగే ఆ వయసులో రక్తహీనత చేసే నష్టం తరువాత పూడ్చడం కష్టం. అందుకే 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో 6 నెలలనుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. సిరప్ ఇస్తున్నారు. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది.

అయితే మీ ప్రశ్నకు శాస్త్రీయమైన ఆధారం లేకపోలేదు. బులెన్ ప్రయోగాలలోనే, తల్లిపాలు తాగుతున్న గినీపందుల పిల్లలకు ఇనుము గల పదార్థం తినిపించినప్పుడు వాటి పేగులలో ఇ.కోలై పెరిగింది. బిడ్డకు జ్వరం, విరేచనాలు, న్యుమోనియా ఉన్న రోజులలో సిరప్ ఆపి, తగ్గిన తరువాత మళ్లీ మొదలుపెట్టమని చెప్పడం ఇటువంటి జాగ్రత్తే. తలసీమియా ఉన్నా, పదేపదే రక్తం ఎక్కించిన బిడ్డ అయినా డాక్టరును అడగకుండా ఇవ్వకండి. సీసా మీద ఉన్న మోతాదును మించవద్దు, బాబు చేతికి అందకుండా ఎత్తులో పెట్టండి.

ప్రశ్న: నాకు ఆరో నెల. రక్తం తక్కువగా ఉందని మందుల దుకాణంలో లాక్టోఫెర్రిన్ మాత్రలు సూచించారు. వాటికి బదులు జున్ను తిన్నా, పాకెట్ పాలు ఎక్కువగా తాగినా సరిపోతుందా?
– ఒక గర్భిణి, రాజాజీనగర్, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు జున్ను సంగతి చెబుతాను. ఈనిన ఆవు తొలిపాలలో లాక్టోఫెర్రిన్ మామూలు పాలకంటే చాలా ఎక్కువగానే ఉంటుంది. కాని జున్ను గట్టిపడేదే వేడి వల్ల పాలలోని ప్రోటీనులు రూపం చెడి పెనవేసుకోవడం చేత. లాక్టోఫెర్రిన్ కూడా ఆ వేడికి తట్టుకోదు. పాకెట్ పాలలో అది లీటరుకు సుమారు 0.1 గ్రామే, మనం పొంగేదాకా కాచాక ఆ కాస్తా పనికిరాకుండా పోతుంది. జున్ను పుష్టికరమైన ఆహారం, తృప్తిగా తినండి. మందుగా మాత్రం భావించకండి.

మాత్రలలో ఉండేది ఆవుపాలనుంచి తీసిన లాక్టోఫెర్రిన్. నేను పైన వేసిన లెక్క ప్రకారం 100 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా ఇనుముతో నిండి ఉన్నా, అందులో ఉండే ఇనుము 0.14 మిల్లీగ్రాములే. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, దానిని 180 రోజులు వేసుకోవాలి. లాక్టోఫెర్రిన్‌తో గర్భిణులలో హిమోగ్లోబిన్ పెరిగిందని ఇటలీలో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. అది నేరుగా ఇనుము సరఫరా చేయడం వల్ల కాదని, శరీరం తన ఇనుమును వాడుకునే తీరును మార్చడం వల్ల కావచ్చునని వాటిని చేసినవారు భావించారు. ఆ ఫలితాలు ఆశాజనకమైనవే. కాని తొలి ఆశలు పెద్ద పరీక్షలో నిలవని ఉదాహరణ ఈ ప్రోటీను చరిత్రలోనే ఉన్నది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆవు లాక్టోఫెర్రిన్ పడితే రక్తంలో ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2009లో ఇటలీనుంచి వార్త వచ్చింది. 2019లో బ్రిటన్‌లో 2,203 మంది శిశువులపై ముగిసిన పరీక్షలో అటువంటి ప్రయోజనం కనబడలేదు.

కాబట్టి దుకాణదారు మాట మీద ఐరన్ మాత్ర మానేసి ఇది మొదలుపెట్టవద్దు. ఐరన్ మాత్ర వల్ల వికారం, మలబద్ధకం ఉంటే ఆ సంగతి మీ డాక్టరుగారికి చెప్పండి. రకం మార్చవచ్చు, వేసుకునే వేళ మార్చవచ్చు, అవసరమైతే ఇంజెక్షన్ రూపంలో ఇవ్వవచ్చు. పాలకు అలెర్జీ ఉంటే లాక్టోఫెర్రిన్ మాత్రలు అసలు వాడకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆరో నెల కనుక ఈ వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొని, ఆ రిపోర్టు తీసుకొని వెళ్లండి.